‘కేలిబ్రేషన్ అయిపోనాది, బావా’

వేడి చూసే పని

నేనేం ఉద్యోగం చేస్తున్నానని శృంగవరపుకోటలో మా వీధివాళ్లు అడిగితే మా అమ్మ, “వేడి సూసే పని” అని చెప్పేది. జ్వరాలు చూసే నర్సునేమో అనుకుని, నేను సెలవుకు వెళ్లినప్పుడు పిల్లలను చంకనేసుకుని వచ్చినవాళ్లూ ఉన్నారు. అమ్మ చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజినీరుగా నేను పనిచేసినంత కాలమూ వేడి చూడడమే ఎక్కువగా చేశాను.

శ్రీకాకుళం జిల్లాలో ఒక రసాయనాల కర్మాగారం మాది. మందుల తయారీకి కావలసిన సరుకు పెద్ద పెద్ద ఉక్కు పాత్రల్లో ఉడుకుతుంది. వాటినే రియాక్టర్లు అంటారు. అన్నం ఉడికిందో లేదో మూత తీసి మెతుకు పట్టుకుని చూసినట్టు వీటిని చూడలేం. అందుకని పాత్రలోకి ఒక గొట్టం దించి, దాని లోపల సెన్సర్ పెడతాం. అందులో ఉండేది సన్నటి ప్లాటినం తీగ. వేడి పెరిగేకొద్దీ ఆ తీగ గుణం కొంచెం మారుతుంది. సెన్సర్ నెత్తిన ఉండే ట్రాన్స్‌మిటర్ అనే చిన్న పెట్టె ఆ మార్పును కరెంటుగా మార్చి, రెండు తీగల మీద కంట్రోల్ రూముకు పంపుతుంది. నాలుగు మిల్లీ ఆంపియర్లు వస్తే అడుగు, ఇరవై వస్తే అంచు. అడుగంటే ఎన్ని డిగ్రీలు, అంచంటే ఎన్ని డిగ్రీలు అన్నది పంపేవైపూ అందుకునేవైపూ ఒకే లెక్కలో ఉండాలి. ఆ లెక్కను రేంజి అంటాం.

ఇప్పుడు ఈ పనిలోకి వచ్చే పిల్లలకు ఇవన్నీ కాలేజీలోనే వస్తున్నాయి. చేతిలో పట్టే కమ్యూనికేటర్ తగిలిస్తే ట్రాన్స్‌మిటర్ తన పేరు, రేంజి, ఒంట్లో నలత, అన్నీ తెరమీద చెప్పేస్తుంది. వాళ్లకు నేను కొత్తగా నేర్పగలిగింది తక్కువ. వాళ్లకు బాగా తెలుసనుకునే మాటల గురించే నేను చెప్పాలనుకుంటున్నాను. ఆ మాటల్లో ఒకదాని వల్ల నాకు తెలిసిన ఒక కుటుంబం రెండు ముక్కలైంది.

సత్యనారాయణ గారి దగ్గర

మా విభాగానికి పెద్ద సత్యనారాయణ గారు. ఈ రోజుకీ ఆయనంత బాగా ఈ పని తెలిసిన మనిషిని నేను చూడలేదు. నేను చేరిన కొత్తలో ఒక బకెట్టు నిండా ఐసు వేయించి, రెండు సెన్సర్లు ముంచి నన్ను చూడమన్నారు. మొదటిది ఎన్నిసార్లు ముంచినా సున్నాకు రెండు డిగ్రీలు ఎక్కువే చూపించింది. రెండోది ఒకసారి సున్నా, ఒకసారి ఒకటి, మరోసారి సున్నాకు కింద చూపించింది. ఏది ఉంచుకుంటావని అడిగారు. సున్నాకు దగ్గరగా ఉంది గనుక రెండోదన్నాను.

“మొదటిదాని తప్పెంతో మనకు తెలుసు, తీసేసుకోవచ్చు. పూటకో మాట చెప్పేదానితో కాపురం చెయ్యలేం” అన్నారు. నిజానికి దగ్గరగా చెప్పే యాక్యురసీకీ, ప్రతిసారీ ఒకేలా చెప్పే రిపీటబిలిటీకీ తేడా నాకు అలా తెలిసింది. ఆ తరువాత ఎందరికో ఐసు బకెట్టుతోనే నేర్పాను.

ఆయనలో ఒక లోపం ఉండేది. మాటకు అర్థం పుస్తకంలో ఉన్నాక అది అందరికీ తెలిసినట్టేనని నమ్మేవారు. ఆపరేటర్లకు తెలుగులో విడమరిచి చెప్పబోతే, మాట పలచబడిపోతుందని వారించేవారు.

ఒకసారి మా వాళ్లెవరో కంట్రోల్ రూముకు ఫోన్ చేసి, ఫలానా పాత్ర సెన్సర్ బర్నౌట్ అయిందని చెప్పారు. సెన్సర్ తీగ తెగిపోతే ట్రాన్స్‌మిటర్ ఎవరైనా గమనించాలని కరెంటును కావాలనే ఒక కొసకు నెట్టేస్తుంది. దాన్ని మేము బర్నౌట్ అంటాం. నిప్పుతో దానికి సంబంధం లేదు. ఫోన్ అందుకున్న ఆపరేటరుకు మాత్రం మాటలో మంట వినిపించింది. నిప్పులార్పే సిలిండర్ ఎత్తుకుని పరిగెత్తి, ఏ మంటా లేని పాత్ర మీద పొడంతా గుమ్మరించాడు. క్యాంటీన్లో చాలాకాలం అది చెప్పుకుని నవ్వుకున్నారు. సత్యనారాయణ గారు కూడా నవ్వారు. పాపం ఆ ఆపరేటరు తనకు తెలిసిన అర్థం ప్రకారం సరిగ్గానే చేశాడని ఎవరికీ తోచలేదు. ఆ రోజే తోచి ఉంటే బాగుండేది.

రమణ, సింహాచలం

మా విభాగంలో రమణ అని టెక్నీషియన్ ఉండేవాడు. మాది ఒకే ఊరు. నాకంటే కొంచెం పెద్దవాడు. తక్కువ మాట్లాడేవాడు, చేసిన పని మళ్లీ చూడక్కర్లేదని పేరు. ప్రొడక్షన్‌లో షిఫ్టు ఇన్‌ఛార్జి సింహాచలం. ఆయనది శ్రీకూర్మం దగ్గర పల్లె. గుళ్లో భజనలకు మద్దెల వాయించేవాడు. ఆ చేతివాటం చూడడానికే పక్క ఊళ్లనుంచి వచ్చేవారని చెప్పుకునేవారు. రమణ అక్క పార్వతిని సింహాచలానికిచ్చారు. బావా బావమరుదులిద్దరూ ఒకే టిఫిన్ క్యారియర్ విప్పుకుని తినేవాళ్లు.

ఒక చలికాలం ఉదయం ఒక రియాక్టరు ట్రాన్స్‌మిటర్ పాడైంది. రమణ స్టోరు నుంచి ఇంకోటి తెచ్చి బిగించాడు. పాతదాని రేంజి సున్నా నుంచి రెండు వందల డిగ్రీలు. కంట్రోల్ రూము తెరలో వేసిందీ అదే. కొత్తది వేరే పాత్ర కోసం తెప్పించింది, స్టోరులో మాత్రం ఈ పాత్ర పేరుతో ఉంది, దాని రేంజి మూడు వందల దాకా. రమణ కమ్యూనికేటర్ తగిలించి, అది చెప్పిన రేంజిని బట్టి అడుగూ అంచూ సరిచూశాడు. అక్షరాలా సరిగ్గా ఉంది. కంట్రోల్ రూముకు ఫోన్ చేశాడు.

కేలిబ్రేషన్ అయిందా అని సింహాచలం అడిగాడు.

“కేలిబ్రేషన్ అయిపోనాది, బావా. రేంజి మూడొందలు. కరెక్టుగా ఉన్నాది” అన్నాడు రమణ.

ఇందులో ఒక్క మాటా తప్పు కాదు. రమణ దృష్టిలో కేలిబ్రేషన్ అంటే ట్రాన్స్‌మిటర్ తన రేంజి ప్రకారం సరైన కరెంటు పంపడం. రేంజి చెప్పాడంటే, తెరలో కూడా ఆ లెక్కే వేసుకోమని. సింహాచలం దృష్టిలో కేలిబ్రేషన్ అయిందంటే తెరమీద అంకె నమ్మొచ్చని. రేంజి మూడు వందలంటే, పెట్టె అంత వేడిదాకా ఆగుతుందని. మంచిదే కదా అనుకుని ఫోన్ పెట్టేశాడు.

పాత్ర ఖాళీగా ఉండగా తెర ఇరవైకి తక్కువ చూపించింది. అప్పుడే చన్నీళ్లతో కడిగిన పాత్ర, పైగా చలికాలం, ఎవరికీ అనుమానం రాలేదు. కొత్తగా చేరేవాళ్లకు ఇక్కడొక మాట చెప్పాలి. ట్రాన్స్‌మిటర్ మార్చాక ఖాళీ పాత్ర చూపించే అంకెను బయటి గాలితో పోల్చి చూడండి. చిన్న అంకెలో దాక్కున్న తప్పు పెద్ద అంకెలో మనుషుల మీద పడుతుంది.

సరుకు పోసి ఆవిరి వదిలారు. లోపల నూట ఇరవై ఉన్నప్పుడు తెర ఎనభై చూపిస్తోంది. వేడి చాలడం లేదని సింహాచలం ఆవిరి పెంచించాడు. పాత్ర మీదనే ముల్లున్న గేజీ ఒకటి ఉండేది కానీ, దాని అద్దం లోపల చెమ్మపట్టి ముల్లు కనిపించేది కాదు. పాత్రలో ఒత్తిడి పెరిగి అలారం మోగాక, తన కింద పనిచేసేవాళ్లను దూరం పొమ్మని సింహాచలమే వెళ్లి ఆవిరి వాల్వు చేత్తో మూశాడు. అంతలో మూత సందు మూసే ప్యాకింగ్ చీలింది. ఆవిరి ఆయన కుడిచేతి మీద కొట్టింది.

మరెవరికీ ఏమీ కాలేదు. ఆయన చెయ్యి మోచేతి నుంచి వేళ్లదాకా ఉడికిపోయింది. చాలాకాలం ఆసుపత్రిలో ఉన్నాడు. చర్మం అతికింది గానీ వేళ్లు పూర్తిగా ముడుచుకోలేదు, పూర్తిగా తెరుచుకోలేదు. మద్దెల మళ్లీ ముట్టుకోలేదు.

విచారణ

నేను ఆ వారమంతా విశాఖపట్నంలో శిక్షణలో ఉన్నాను. తిరిగి వచ్చేసరికి పై ఆఫీసు వాళ్లు వచ్చి, విచారణ జరిపి వెళ్లిపోయారు కూడా. రమణను కేలిబ్రేషన్ చేశావా అని అడిగారట. చేశానన్నాడు. మరి తెర తప్పెందుకు చూపించిందని అడిగితే, తెర సంగతి తనకు తెలియదన్నాడు. చెయ్యకుండానే చేశానంటున్నాడని వాళ్లు తేల్చేశారు. ‘కేలిబ్రేషన్ అంటే నీ లెక్కలో ఏమిటి’ అని ఒక్కరూ అడగలేదు. ఆసుపత్రిలో ఉన్న సింహాచలానికి కూడా ఈ ముక్కే చేరింది, మీ బావమరిది పని చెయ్యకుండానే చేశానని చెప్పాడని.

విప్పి పక్కన పెట్టిన ఆ ట్రాన్స్‌మిటర్‌ను నేను బల్లమీద పెట్టి పరీక్షించాను. మూడు వందల రేంజిలో ఎక్కడా వేలెత్తి చూపడానికి లేదు. సత్యనారాయణ గారిని పిలిచి చూపించాను. ఆయనకు విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు. కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

“వాడు అబద్ధం చెప్పలేదు” అన్నారు.

పై ఆఫీసుకు ఆ మాటే చెప్పమని అడిగాను. ఆయన ఒప్పుకోలేదు. వేరే రేంజి ఉన్న పెట్టె స్టోరులో ఆ పాత్ర పేరుతో ఎలా ఉందన్న ప్రశ్న వస్తుందనీ, అది మా విభాగం మొత్తం మీదికి వస్తుందనీ అన్నారు. నేనే పై ఆఫీసుకు రాశాను. జవాబు రాలేదు. ఒకసారి వెళ్లి కలిశాను కూడా. ముగిసిపోయిన విషయమని, చల్లగా మాట్లాడి పంపేశారు.

రమణది తప్పే లేదని నేను అనను. పెట్టె మార్చినవాడు కంట్రోల్ రూముకు నడిచివెళ్లి, తెరమీద అంకె కూడా చూసుకుని ఉండాల్సింది. కానీ తప్పు వేరు, అబద్ధం వేరు. తప్పు చేశావంటే రమణ తల వంచుకుని ఇంకో ముప్పై ఏళ్లు పనిచేసేవాడు. అబద్ధమాడావన్నారు గనుక ఉద్యోగం వదిలేశాడు. శృంగవరపుకోటలో ఫ్రిజ్‌లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. బావతో మాటలూ రాకపోకలూ ఆగిపోయాయి.

పార్వతి అడిగిన అర్థం

కొన్నాళ్లకు పార్వతి శ్రీకాకుళంలో మా ఇంటికి వచ్చింది. నేను మంచినీళ్లిస్తే తాగి, గ్లాసు కింద పెట్టకుండానే అడిగింది.

“ఒక్క మాట సెప్పండమ్మా. కేలిబ్రేసనంటే ఏటి?”

చదువుకున్నవాళ్లకు ఎన్నోసార్లు చెప్పాను, ఈమెకు ఎలా చెప్పాలో తోచలేదు. చివరికి, బియ్యం కొలిచే తవ్వ మీ పుట్టింట్లోదీ అత్తవారింట్లోదీ ఒకటేనా అని అడిగాను.

“కాదు. మా అత్తోరి తవ్వ పెద్దది. పెల్లయిన కొత్తల రెండు తవ్వలు ఎసట్లో పొయ్యమంటే మా పుట్టింటి లెక్కన పోసీసినాను. ఆ పూట మా అత్తకి కూడు సాల్లేదు.”

ఆ రోజు ఫోన్లో జరిగింది అదేనని చెప్పాను. ఆమె గ్లాసు కింద పెట్టింది.

“అంటే మావోడు ఆడి తవ్వతో కొలిసి సెప్పినాడు. ఈయన ఈయన తవ్వతో అందుకున్నాడు.”

“అంతే పార్వతీ.”

“అయితే ఎవుల్దీ అబద్దం కాదు.”

“కాదు.”

“మరా మాట మీ ఆపీసోలు ఒక్కపాలి సెప్తే ఏటి పోతాది?” అంది.

ఆ ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. సింహాచలం అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని, దాన్ని ఎడంచేత్తో రాసుకుంటున్నాడు. ఫోన్లో రమణ రేంజి గురించి ఏమైనా అన్నాడా అని అడిగాను. మూడొందలని అన్నట్టు గుర్తేనని, అదెందుకు చెబుతున్నాడో తనకు తెలియలేదని, విచారణలో ఎవరూ అడగలేదు గనుక చెప్పలేదని అన్నాడు. నేను జరిగిందంతా వివరించాను. ఆయన మధ్యలో అడ్డురాకుండా విన్నాడు. తెలివైన మనిషి, అంతా అర్థమైంది.

“బోదపడ్డాదమ్మా. మావోడు దొంగమాట సెప్పనేదు. ఆ సంగతి బుర్రకి తెలుస్తన్నాది” అన్నాడు. కుడిచెయ్యి ఒళ్లోంచి కొంచెం ఎత్తాడు. “కానీ ఈ సెయ్యి కదపబోయినపుడల్లా ఆడి గొంతే యినపడతాది. ‘కరెక్టుగా ఉన్నాది బావా’ అని. నన్నేటి సెయ్యమంటారు?”

ఆయన మాటలు నేను శృంగవరపుకోట వెళ్లి రమణకు చెప్పాను. బావ తనను అబద్ధాలకోరనుకోవడం లేదని చెబితే కాస్త తేలికపడతాడనుకున్నాను. అతను ఒక కంప్రెసర్ విప్పుతున్నాడు. చేతిలో పని ఆపకుండా విన్నాడు.

“మరైతే బావే వొచ్చి సెప్పొచ్చు కదమ్మా” అన్నాడు.

అర్థమైతే చాలు, అన్నీ సర్దుకుంటాయని అప్పటిదాకా నేను నమ్మేదాన్ని. యంత్రాల విషయంలో అది నిజం. కంట్రోల్ రూము తెరలో రెండు వందలను మూడు వందలు చేస్తే అంకె సరైపోతుంది. వాళ్లిద్దరి మధ్యా అలా దిద్దగలిగిన చోటు నాకు దొరకలేదు.

ఆ తరువాత

ఆ సంఘటన తరువాత మా విభాగంలో ఒక అలవాటు పెట్టాను. కేలిబ్రేషన్ అయిందని ఫోన్లో చెప్పడం మానిపించాను. ‘నేనిక్కడ వంద డిగ్రీలు ఇస్తున్నాను, నీ తెరమీద ఎంత కనిపిస్తోంది’ అని అడగాలి. అవతలివాడు అంకె చదివాకే పని పూర్తయినట్టు. మొదట్లో ఆపరేటర్లు విసుక్కున్నారు, మావాళ్లు నామోషీ పడ్డారు. సత్యనారాయణ గారు వద్దనలేదు. ఎందుకు పెట్టావనీ అడగలేదు. ఆ విషయం మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు.

పదవీ విరమణ చేసిన చాలాకాలానికి ఆయన విజయనగరం నుంచి నాకు ఫోన్ చేశారు. ఆరోగ్యం బాగాలేదు, ఒకసారి రమణను చూడాలని ఉంది, తీసుకెళ్తావా అన్నారు. మర్నాడే బయలుదేరాం. శృంగవరపుకోట బస్టాండు దగ్గర కారు ఆపించి, టీ తెప్పించుకున్నారు. కొట్టు అక్కడికి దగ్గరే, నడిచి వెళ్లేంత దూరం. టీ చల్లారిపోయింది.

“ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియడం లేదమ్మా” అన్నారు.

క్షమించమంటే చాలన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. ఇంకోసారి వద్దాం, ఈ పూటకు వెనక్కి తిప్పించమన్నారు. ఆ ఇంకోసారి రాలేదు. మరుసటి ఏడాదికి ఆయన పోయారు. నాకు పని నేర్పిన మనిషి ఆయన. ఆయన మీద కోపం తెచ్చుకోవాలనుకున్నప్పుడల్లా ఆ బకెట్టులో ఐసు గుర్తొచ్చేది. ఇప్పటికీ ఆయన్ను పూర్తిగా మెచ్చుకోలేను, పూర్తిగా తప్పుపట్టలేను. మంచి గురువులు కూడా పిరికివాళ్లు కావచ్చని మాత్రం తెలుసుకున్నాను.

మీ కింద పనిచేసేవాళ్లు ఏర్పడ్డాక, మీకూ ఇలాంటి రోజు ఒకటి వస్తుంది. నిజం మీ చేతిలో ఉంటుంది. దాన్ని చెప్పడానికి వీలున్న రోజులు చాలా తక్కువ ఉంటాయి. అవి దాటాక ఎంత మంచి మాటైనా బస్టాండు దగ్గరే ఆగిపోతుంది.

ఆసుపత్రిలో

నిరుడు పార్వతికి శ్రీకాకుళంలో ఆపరేషన్ అయింది. సింహాచలం ఫోన్ చేస్తే వెళ్లాను. నేను వెళ్లేసరికి వరండాలో బెంచీకి ఒక కొసన సింహాచలం, మరో కొసన రమణ కూర్చుని ఉన్నారు. అక్కకు ఆపరేషన్ అని తెలిసి రమణ పొద్దున్న బస్సుకే వచ్చాడట. ఇద్దరికీ జుట్టు నెరిసింది. ఇద్దరూ ఆపరేషన్ గది తలుపు వైపే చూస్తున్నారు. వాళ్ల మధ్యలో కూర్చోవాలో, నిలబడాలో తెలియక నేను కిటికీ దగ్గర నిలబడ్డాను.

చాలాసేపటికి సింహాచలం సంచిలోంచి మంచినీళ్ల సీసా తీశాడు. ఎడంచేత్తో దాన్ని కడుపుకు అదిమిపట్టి, కుడిచేతి వేళ్లతో మూత తిప్పబోయాడు. వేళ్లు జారిపోయాయి. మళ్లీ తిప్పాడు. నేను ఒక అడుగు ముందుకు వేసేలోపే రమణ లేచి వెళ్లి, సీసా అందుకుని, మూత తీసి చేతికిచ్చాడు. తిరిగి తన కొసకు పోలేదు. బావ పక్కనే కూర్చున్నాడు.

“ఇన్నాల్లూ ఎవులు తీసిచ్చేవోరు, బావా?” అని అడిగాడు.

“మీ అక్క” అన్నాడు సింహాచలం.

డాక్టరు పిలిచేదాకా ఆ సీసా వాళ్ల మధ్య బెంచీ మీదే ఉంది. రమణ దాని మూత బిగించలేదు.